ఎండకు పెట్టిన ముఖం

యశోదమ్మ తువ్వాలు విప్పేటప్పటికి ఫోటో ల్యాబులో కౌంటరు ముందు చాలామందే ఉన్నారు. ప్రొద్దుటూరులో అది పెళ్ళిళ్ళ కాలం. ఆల్బమ్‌లు తీసుకుపోయేవాళ్ళు, ఫ్రేముకు కొలతలిచ్చేవాళ్ళు, కువైట్ వీసా కోసం పాస్‌పోర్టు ఫోటోలు దిగేవాళ్ళు. ఆమె ఎవరినీ పక్కకు జరగమనలేదు. సందు దొరికినచోట ఫ్రేము ఆనించి, తువ్వాలు కొసలు ఒక్కొక్కటే తీసి, ఫోటోను ల్యాబు యజమాని చెన్నకేశవులు వైపు తిప్పింది.

"సూడు నాయనా. నా కొడుకు."

చీనీ తోటలో, బత్తాయి చెట్ల ముందు నిలబడిన ఇరవై ఏళ్ళ పిల్లవాడి ఫోటో అది. పేరు ఓబులేశు. పోయిన వానాకాలంలో కదిరి రోడ్డు మీద మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడు. కర్మంతరానికని పులివెందుల నుంచి వచ్చి యశోదమ్మే ఈ ల్యాబులో పెద్దగా కొట్టించుకుపోయింది. అప్పుడు వాడి చొక్కా దానిమ్మ గింజ ఎరుపు. ఇప్పుడు బురద రంగు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎరుపంతా ఎక్కడికో ఇంకిపోయి, చెంపలూ పెదాలూ పాలిపోయిన ఆకుపచ్చకు తిరిగాయి. వెనక చీనీ ఆకులు మాత్రం బాగానే ఉన్నాయి. వాటిలో కలిసిపోతున్నట్టు ఉన్నాడు పిల్లవాడు.

చెన్నకేశవులు కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడు. తెల్లచొక్కా మీద మరక ఎవరూ చూసి ఉండరు.

"ఎండ తగిలే చోట పెట్టినారా మ్మా?"

"నడింట్లో ఉండాది. ఆడికి ఎండెట్ల వస్తాది?"

వెనకున్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. ఒక పెళ్ళికూతురి తండ్రి తన చేతిలోని ఆల్బమ్ తెరిచి, మళ్ళీ మూశాడు. చెన్నకేశవులు అది గమనించాడు.

"నిఖత్, ఇట్ల రామ్మా."

నిఖత్ లోపల పెద్ద మిషన్‌కు ఇంకు పోస్తోంది. పెద్ద క్యాన్‌లోంచి సీసాలోకి, సీసాలోంచి సన్నటి గొట్టాల గుండా మిషన్‌లోకి. ఆ క్యాన్‌ల మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. లారీ పార్శిల్‌లో వస్తాయి. పన్నెండేళ్ళ పనిలో ఆ ఎర్ర ఇంకు ఆమె గోళ్ళ సందుల్లోంచి పూర్తిగా వదిలింది లేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఈ ఆర్డరు చేసింది ఈ పాపే," అన్నాడు చెన్నకేశవులు, యశోదమ్మతో కాదు, ఆమె వెనకున్న అందరితో. "సెట్టింగు తప్పు పెట్టింది. ఆ పొద్దు నేను ఊర్లో ల్యా. పనోల్లను నమ్ముకుంటే ఇట్లే ఐతాది. నా తప్పే. ఇయ్యాలే పనిలోంచి తీసేస్తాండా."

నిఖత్ నోరు తెరిచింది. సెట్టింగు ఏంది సార్, ఇంకు అట్లాంటిది గదా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చూపుడువేలితో కౌంటరు మీద మెల్లగా తట్టాడు. కస్టమరు ముందు మాట్లాడొద్దని ఆ ల్యాబులో దాని అర్థం. అలవాటుగా నోరు మూసుకుంది. ఆ అలవాటును ఆమె తర్వాత చాలాసార్లు తిట్టుకుంది.

యశోదమ్మ తిట్టలేదు. చేయి చేసుకోలేదు. నిఖత్ చేతుల వంక చూసింది.

"నా కొడుకు ఎరుపంతా నీ గోళ్ళల్లోనే ఉండాది గదా పాపా," అంది.

చెన్నకేశవులు సొరుగు లాగి నోట్లు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఎంతైనా కేశవులన్న మర్యాదస్థుడు," అని ఎవరో అన్నారు. యశోదమ్మ ఆ నోట్లు ముట్టుకోకుండా ఫ్రేముకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం షట్టరు దించే ముందు ఆయన నిఖత్‌ను పిలిచాడు. "వ్యాపారమన్నాక ఒక మాట అనాల్సి వస్తాది. మనసులో పెట్టుకోవద్దు. ఆయమ్మ మల్లా వస్తే నువ్వు కనపడకూడదు గదా, కొన్ని దినాలు ఇంటికాడ ఉండు. తర్వాత వద్దువు."

"రాను సార్," అంది నిఖత్.

"కోపం వచ్చిందా?"

ఆమె సంచి తీసుకుని బయటికి నడిచింది. కోపమైతే ఇంటికి పోయేలోపు చల్లారేది. ఇది అది కాదు. అంతమంది ముందు తన ముఖానికి మసి పూశాడు. ఆయన ముఖాన్ని కూడా అంతమంది ముందే నిలబెట్టాలి. అది చెయ్యకుండా ఆమెకు అన్నం సయించదు.

*

జమ్మలమడుగు బస్టాండు రోడ్డులో అమ్జద్ స్టూడియో ఇంకా తెరవలేదు. అమ్జద్ నిఖత్ చిన్నమ్మ కొడుకు. కువైట్‌లో పెళ్ళి వీడియోలు తీసి కూడబెట్టుకుని వచ్చాడు. గోడలకు సున్నం పడింది, కెమెరాలు ఉన్నాయి, ప్రింటరు కొనాలి. "ఆపా, నువ్వొస్తే సగం భారం తీరుతాది," అని ఏడాదిగా అడుగుతున్నాడు. ఇప్పుడు ఆమె అడగకుండానే వచ్చింది.

కడప నుంచి వచ్చిన డీలరు మనిషి బల్ల మీద మూడు మిషన్ల కాగితాలు, వాటి నమూనా ఫోటోలు పరిచాడు. మొదటిది సీసాలతో డై ఇంకు పోసుకునే ఆరు రంగుల మిషన్. ధర తక్కువ, ఇంకు మరీ తక్కువ. రెండోది పది రంగుల పిగ్మెంట్ మిషన్, చిన్న కార్ట్రిడ్జ్‌లది. మూడోదీ పిగ్మెంటే, కానీ కార్ట్రిడ్జ్‌లు పెద్దవి, మిషన్ ధర రెండోదానికి దాదాపు రెండింతలు.

అమ్జద్ మొదటిదాని మీద వేలు పెట్టాడు. "ఫోటో చూస్తే రెండూ ఒగే మాదిరి ఉండాయి. దీంట్లో ఖర్చు రూపాయల్లో, దాంట్లో ఖర్చు పదుల్లో. ఇదే తీసుకుందాం ఆపా."

"కొట్టిన పొద్దు రెండూ ఒగే మాదిరే ఉంటాయి," అంది నిఖత్. "డై ఇంకంటే నీళ్ళలో కరిగిన రంగు. పిగ్మెంటంటే నలగ్గొట్టిన పొడి. కరిగింది ఎండకూ గాలికీ తొందరగా చస్తాది. పొడి కాగితాన్ని పట్టుకోని ఉంటాది."

డీలరు మనిషి తలూపాడు. "అన్ని డై ఇంకులూ ఒకటి కాదు మేడం. కంపెనీ డై అయితే ఫ్రేములో ఏండ్లు నిలబడతాది. పేరు ల్యాని ఇంకుతోనే చిక్కు. పిగ్మెంట్ మాత్రం గాజు వెనక నూరేండ్లు దాటుతాదని కంపెనీ మాట."

"నూరేండ్లు ఎవరు సూసినారు?" అన్నాడు అమ్జద్.

"నేనూ సూల్యా," అని డీలరు మనిషి నవ్వాడు. దాచుకోకుండా మిగతాది కూడా చెప్పాడు. మిషన్‌తో వచ్చే తొలి సెట్టు నిండుగా ఉండదు. అందులోనూ కొంత లోపలి గొట్టాలు నిండేదానికే పోతుంది. వాడకుండా వదిలేస్తే ఇంకు చిమ్మే హెడ్డు ఎండిపోకుండా మిషన్ తనంతట తనే కడుక్కుంటుంది, ఆ కడుక్కునే ఇంకు కూడా మన ఖర్చే. రోజూ పని ఉంటేనే ఇలాంటి మిషన్ గిట్టుబాటు.

అమ్జద్ ఫోన్‌లో లెక్కలు వేశాడు. రెండోదాని ఇంకు సెట్టు నాలుగుసార్లు మారిస్తే మిషన్ ధరను దాటిపోతోంది. మూడోదానికి ఇప్పుడు పెట్టుబడి ఎక్కువ, ఒక్కో ఫోటోకు పడే ఇంకు మాత్రం తక్కువ. లెక్క మళ్ళీ వేశాడు. అదే వచ్చింది.

"అంటే దుడ్లు మిషన్‌లో పెడదామా, ఇంకులో పెడదామా, అంతేనా?"

"మూడోది తీసుకుందాం," అంది నిఖత్.

డీలరు మనిషి టీ తాగడానికి బయటికి పోయాక అమ్జద్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆపా, నిజం చెప్పు. మనం ఈడ బ్యారం చేస్తాండామా, నువ్వు కేశవులు మీద పగ తీర్చుకుంటాండావా?"

"రెండూ ఒగే మిషన్ చేస్తాది."

"కేశవులు రేటుకు మనం ఇయ్యలేం. జనం మూడింతలు యాందుకిస్తారు?"

"కండ్లతో సూస్తే ఇస్తారు," అంది నిఖత్. గోడకు ఆనించి ఉన్న ఒక ఫ్రేము తెచ్చి బల్ల మీద పెట్టింది. సంఘం అధ్యక్షుడిగా రెండోసారి ఎన్నికైనప్పుడు చెన్నకేశవులు తన ఫోటో తన ల్యాబులోనే కొట్టుకుని, ప్రతి స్టూడియోకూ ఒకటి పంచాడు. అమ్జద్ సభ్యత్వం కట్టినప్పుడు ఇదీ వచ్చింది. ఎర్ర శాలువా కప్పుకుని, చేతులు జోడించి, చిన్నగా నవ్వుతున్నాడు.

"ముందు శాలువా పోతాది," అంది నిఖత్. "తర్వాత పెదాలు. తర్వాత మనిషి."

మిషన్ వచ్చింది. గండికోట లోయ ఫోటో ఒకటి, ఎర్రటి రాళ్ళూ వాటి కింద పెన్నా నీళ్ళూ ఉన్నది, నిఖత్ అందులో తొలిసారి కొట్టింది. కాగితం వంచకుండా రెండు అరచేతుల మీద ఎత్తి, ఆరేదాకా పక్కన పెట్టింది. తర్వాత చెన్నకేశవులు ఫ్రేము వెనక మేకులు లాగి, గాజు తీసేసి, ఆయన ముఖానికి ఎడమ సగం మీద నల్లటి అట్ట కప్పి క్లిప్పులు పెట్టింది. గండికోటకూ అలాగే సగం కప్పింది. రెండింటినీ పడమటి ఎండ నేరుగా కొట్టే కిటికీ బయటి గట్టు మీద నిలబెట్టింది. అమ్జద్ లావు స్కెచ్చు పెన్నుతో రాసి అంటించాడు. 'ఒకటి ప్రొద్దుటూరులో కొట్టించింది. ఒకటి ఇక్కడ కొట్టింది. ఏది నిలుస్తుందో మీరే చూడండి.'

జమ్మలమడుగు వేసవి ఎండకు ఆ క్యాన్ ఇంకు వారం ఆగదని నిఖత్‌కు తెలుసు. రానున్న ఆదివారం సంఘం సమావేశం జమ్మలమడుగులోనే అని కూడా తెలుసు. ఫోటో రెడీ అయిందని చెప్పడానికి ఒకప్పుడు యశోదమ్మకు ఫోన్ చేసిన నంబరు ఇంకా ఆమె ఫోన్‌లో ఉంది. చేసింది.

"నీ కొడుకు ఫోటో పాడుచేసిందాన్ని మాట్లాడతాండా," అంది. "ఆదివారం ఆ ఫోటో తీసుకోని జమ్మలమడుగుకు రా పెద్దమ్మా. తప్పు ఎవరిదో నువ్వే సూడు."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "సూస్తా," అంది యశోదమ్మ.

*

రోజూ సాయంత్రం, బస్సుల కోసం కాచుకున్నవాళ్ళు చూస్తుండగా, నిఖత్ అట్ట ఎత్తేది. పాత క్రైస్తవ మిషనరీల ఆసుపత్రికి వచ్చిపోయేవాళ్ళు, టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్ళు కిటికీ ముందు గుంపయ్యేవాళ్ళు. రెండు సగాల మధ్య గీత పడుతుందని, ఎండ తిన్న వైపు శాలువా బురదలోకి తిరుగుతుందని ఆమె చెప్పి పెట్టింది. చెప్పినప్పుడు ఆమె గొంతులో ఉన్న సంతోషం ఎవరికీ తెలియకుండా పోలేదు.

గీత పడలేదు.

గండికోట రాళ్ళు ఎర్రగానే ఉన్నాయి. చెన్నకేశవులు శాలువా కూడా ఎర్రగానే ఉంది. మరుసటి రోజు అట్ట ఎత్తింది. ఆ మరుసటి రోజు కూడా. కుడి చెంపా ఎడమ చెంపా ఒకే నవ్వు నవ్వుతున్నాయి.

"అంత దుడ్లు పోసి మిషన్ యాందుకు కొంటిరి మ్మా," అన్నాడు టీ కొట్టాయన. "కేశవులు కాడికి పోయి కొట్టించుకుంటే సాలు గదా. ఎండకు కూడా చావడు ఆయప్ప."

అందరూ నవ్వారు. ముద్దనూరు నుంచి ఆల్బమ్ మాట్లాడుకుని పోయిన ఒక పెళ్ళివాళ్ళు ఫోన్ చేసి, ప్రొద్దుటూరులోనే ఇస్తాంలెమ్మని చెప్పారు. అమ్జద్ కొత్త మిషన్ మీద గుడ్డ కప్పుతూ, మళ్ళీ తీస్తూ తిరిగాడు. అతను తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. తన పగ కోసం ఒక మనిషి కువైట్ చెమటనంతా కిటికీలో పెట్టానా అని ఆమెకు ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి చూసింది. చురుక్కుమంది. ఎండలో లోపం లేదు. అయితే తన తెలివిలోనే లోపమా? సంచిలోంచి ల్యాబు గుర్తింపు కార్డు తీసింది. అందులోని తన ఫోటో ఆ పెద్ద మిషన్‌లోనే, ఆ క్యాన్ ఇంకుతోనే, పోయినేడు తన చేతులతో కొట్టుకున్నది. ప్లాస్టిక్ చించి ఫోటో బయటికి లాగి, సగానికి అట్ట ముక్క పెట్టి, చెన్నకేశవులు పక్కన నిలబెట్టింది.

రెండు మధ్యాహ్నాలు చాలాయి. అట్ట ఎత్తేసరికి ముక్కు మీదుగా నిలువునా గీత పడి ఉంది. కప్పిన వైపు మనిషి. కప్పని వైపు ఓబులేశు ముఖం రంగే తన ముఖానికీ. పక్కన ఆయన అలాగే నవ్వుతున్నాడు.

నిఖత్ కిటికీ గట్టు మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె ఆయన్ని పిసినారి అనే అనుకుంది. ల్యాబులో ఉన్నదే ఆ ఇంకు, తనకైనా పరాయివాళ్ళకైనా ఆ మనిషి పోసేది అదే అని సర్దుకుంది. ఆయన గదిలో, ఏసీ కింద, గుడ్డ కప్పిన మిషన్ ఒకటి ఉండేది. హెడ్డు పోయిందని చెప్పేవాడు. స్టూడియోలకు పంచిన ఈ ఫోటోలన్నీ ల్యాబు మూసిన ఒక ఆదివారం ఆయన ఒక్కడే ఆ గదిలో కూర్చుని కొట్టుకున్నాడని కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. కాబట్టి ఆయనకు తెలుసు. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో, నిఖత్ కంటే బాగా తెలుసు.

అమ్జద్ వచ్చి చూశాడు. ఆమె ముఖాన్నీ, కార్డులోని ముఖాన్నీ చూశాడు. "తీసేద్దాం ఆపా. మనకొద్దు ఈ తమాషా."

"నా బొమ్మ తీసెయ్," అంది నిఖత్. "ఆయనది ఉండనీ. చావల్యాదని ఊరంతా చెప్పనీ. ఆ మాట ప్రొద్దుటూరుకు పోనీ. తనంతట తనే వస్తాడు."

*

ఆదివారం సమావేశం ముగియగానే చెన్నకేశవులు వచ్చాడు, ఒక్కడు కాదు, పది పదిహేను మంది స్టూడియోల వాళ్ళను వెంటబెట్టుకుని. మైదుకూరు, ఖాజీపేట, పెండ్లిమర్రి నుంచి వచ్చినవాళ్ళంతా ఉన్నారు. వాళ్ళలో పెద్ద మైదుకూరు నూరుల్లా, గడ్డం నెరిసిన మనిషి. అందరూ ఆల్బమ్‌లు చెన్నకేశవులు దగ్గరే కొట్టించేవాళ్ళు.

చెన్నకేశవులు కిటికీ ముందు నిలబడి, తనే క్లిప్పులు తీసి, అట్ట ఎత్తాడు.

"సూడండప్పా," అన్నాడు మెల్లగా, అందరికీ వినిపించేలా. "మా పాప నన్ను ఎండకు పెట్టింది. యాడన్నా మచ్చ ఉండాదా? కేశవులు ల్యాబు ఫోటో అంటే రాయి."

కొందరు చప్పట్లు కొట్టారు. ఆయన నిఖత్ వైపు తిరిగాడు. "కోపం పోయిందా మ్మా? నీ పని నీకుంది. రేపొచ్చి చేరు."

"సార్, ఇది యాడ కొట్టించినారు?" అంది నిఖత్.

"యాడేంది? మన ల్యాబులోనే. నా చేతులతో."

"మన ఇంకుతోనేనా?"

ఒక్క క్షణం ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తన కస్టమర్లే. "మల్ల? మన ల్యాబులో ఎవురికైనా ఒగే ఇంకు."

ఆ మాట కోసమే ఆమె ఇన్ని రోజులు నవ్వులు భరించింది. గుంపు వెనక వైపు చూసింది.

పులివెందుల బస్సు దిగి యశోదమ్మ ఎప్పుడొచ్చిందో, టీ కొట్టు నీడలో నిలబడి ఉంది. మగవాళ్ళు దారి ఇచ్చారు. కిటికీ దగ్గరకొచ్చి, ఫ్రేము గట్టు మీద ఆనించి, తువ్వాలు తీసింది. ఎర్ర శాలువా పక్కన బురద చొక్కా. చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"నువ్వు ఎండలో ఉండావు నాయనా," అంది చివరికి. "నా బిడ్డ నడింట్లో ఉన్న్యాడు."

"అది చెప్తి గదమ్మా, ఆ పాప సెట్టింగు..."

"కేశవులూ," అన్నాడు నూరుల్లా. ఆయన ఓబులేశు ఫోటో మీదికి వంగి ఉన్నాడు. "సెట్టింగు తప్పితే రంగు మొదట్లోనే తప్పు వస్తాది. బాగొచ్చిన రంగు తర్వాత పోయిందంటే అది ఇంకు." నడుము ఎత్తాడు. "ఒగే ఇంకంటివి గదప్పా. మా పెండ్లి ఆల్బాలన్నీ నీ కాడే కొట్టిస్తిమి. మా కస్టమర్లకు పోసింది ఈ శాలువా ఇంకా, ఈ చొక్కా ఇంకా?"

చప్పట్లు కొట్టిన చేతులు జేబుల్లోకి పోయాయి. చెన్నకేశవులు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన వేలు కిటికీ గట్టు మీద తట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ దాని అర్థం నిఖత్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

"కంపెనీ ఇంకు ఎంతో మీకు తెలీదా?" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు లేచింది. "అందరికీ అదే పోస్తే ల్యాబుకు తాళం ఎయ్యాల్సిందే. మీరిచ్చే రేట్లకు ఇంగేం వస్తాది? ఇంకో పది రూపాయలు తగ్గించు, ఇంకో పది తగ్గించు అని మీరు గాదా బ్యారాలాడింది?"

నూరుల్లా తల దించుకున్నాడు. బేరాలాడిన మాట నిజమే.

"నేను బ్యారం ఆడల్యా నాయనా," అంది యశోదమ్మ. "చీనీ కాయలమ్మిన దుడ్లు కొంగున కట్టుకోని వస్తి. నువ్వెంతంటే అంత ఇస్తి."

ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ స్టాండులోకి తిరిగింది. చెన్నకేశవులు తన ఫోటో తీసుకోవడానికి చెయ్యి చాచాడు. ఆపినవాళ్ళు లేరు. కానీ అందరూ ఆ చెయ్యినే చూస్తున్నారు. ఫోటో పట్టుకుని వాళ్ళ మధ్యలోంచి నడిచి పోవాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉత్త చేతులతో కారు దాకా నడిచాడు.

పగ తీరినా చప్పగానే ఉంటుందని పెద్దవాళ్ళు చెబుతారు. నిఖత్‌కు అలా లేదు. దాహానికి కుండ నీళ్ళు తాగినట్టు కడుపు దాకా చల్లగా దిగింది.

*

లోపల యశోదమ్మ ఓబులేశు ఫోన్ బయటికి తీసింది. పగిలిన అద్దం వెనక ఆ ఫోటో ఇంకా ఎర్ర చొక్కాతోనే ఉంది. అమ్జద్ దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకున్నాడు. నిఖత్ కాగితం అంచులు దులిపి మిషన్‌లో పెట్టింది.

"నీకు తెల్సా పాపా, ఆ ఇంకు సంగతి?"

"క్యాన్ ఇంకని తెల్సు పెద్దమ్మా. అందరికీ అదే అనుకుంటి."

"ఊఁ," అంది యశోదమ్మ. తప్పు మన్నించినట్టూ కాదు, మన్నించనట్టూ కాదు.

మిషన్ మెల్లగా కాగితాన్ని వదిలింది. ముందు ఆకాశం వచ్చింది, తర్వాత చీనీ కొమ్మలు, తర్వాత నుదురు. పెదాలు వచ్చేసరికి యశోదమ్మ కుర్చీలోంచి లేచింది. నిఖత్ ఫోటోను అరచేతుల మీద ఎత్తి ఆమె ముందు పెట్టింది.

"ఇది ఎన్నేండ్లు ఉంటాది?"

కంపెనీ వాళ్ళు నూరేళ్ళంటారని చెప్పొచ్చు. చెన్నకేశవులు అలాగే చెప్పేవాడు. "నాకు తెలీదు పెద్దమ్మా," అంది. "మిషన్ కొని నెల కాల్యా. గాజు వెనక పెట్టు. రంగు కదిలినట్టు కనపడితే ఆ పొద్దే తీసుకోని రా."

యశోదమ్మ ధర అడిగింది. వద్దనబోయిన అమ్జద్‌ను కళ్ళతోనే ఆపి, పూర్తి రేటు ఇచ్చింది. కొత్త ఫోటోకు గాజు బిగించి, తువ్వాలు చుట్టుకుంది. పాత ఫ్రేమును ముట్టుకోలేదు.

"మరి ఇది?" అంది నిఖత్.

"అది నా కొడుకు గాదు మ్మా. ఆయప్ప చేసిన పని. ఆయప్ప పక్కనే ఉండనీ."

నిఖత్ ఆయన ముఖానికి సగం అట్ట మళ్ళీ పెట్టింది. అలా రెండూ కిటికీలో నిలబడ్డాయి. అమ్జద్ రాసిన కాగితం తీసేశారు. మళ్ళీ ఏమీ రాయాల్సిన అవసరం రాలేదు. బస్సు దిగినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు, టీ కొట్టాయన చెప్పేవాడు. నూరుల్లా తన ఆల్బమ్‌లు ఇటు పంపడం మొదలుపెట్టాడు, రేటు గొణుక్కుంటూనే. ముద్దనూరు పెళ్ళివాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. మిషన్‌కు ఎండిపోయే తీరిక దొరకలేదు.

తన ఫోటో తీసెయ్యమని చెన్నకేశవులు ముందు అమ్జద్‌కు ఫోన్ చేశాడు. తర్వాత సంఘం కార్యదర్శితో చెప్పించాడు. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మనుషులు లేని సమయం చూసుకుని, ఒక్కడే వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నిఖత్ బల్ల దగ్గర ఫోటోల అంచులు కత్తిరిస్తోంది. లేవలేదు.

"నేనన్నది తప్పే మ్మా," అన్నాడు. "ఆ పొద్దు అందరి ముందర నిన్ను అట్ల అనకూడదు. నా బొమ్మ తీసెయ్. ఇంగ ఎన్నాళ్ళు పెట్టుకుంటావు?"

నిఖత్ కత్తిరించిన అంచు బుట్టలో వేసింది. ఇంకో ఫోటో తీసుకుని, స్కేలు ఆనించి, కొలత సరిచూసుకుంది.

"రంగు పోయేదాకా సార్," అంది.

ఆయన బయటికి పోయాడు. పోయి, కారెక్కకుండా, కిటికీ ముందు ఆగాడు. అటూ ఇటూ చూసి, తన ముఖం మీది అట్టను మునివేళ్ళతో ఎత్తి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు బొమ్మకు తగిలేటట్టు వంగాడు. ఆ సగానికీ ఈ సగానికీ మధ్య ఎక్కడైనా, వెంట్రుకంత గీతైనా పడిందేమోనని, మండే ఎండలో నిలబడి వెతుక్కుంటున్నాడు.